బొట్టు పెట్టిన యంత్రం

దసరా నాడు మా ఇంట్లో పూజకు కూర్చునే సామాను ఏటేటా పెరుగుతోంది. మా అమ్మ కాలంలో కత్తిపీట, రోకలి, కొడవలి, నాన్న సైకిలు. తర్వాత కుట్టుమిషను, స్కూటరు చేరాయి. ఇప్పుడు మిక్సీ, ఇన్వర్టరు, బోరు మోటరు స్టార్టరు డబ్బా, ఆఖరికి పడగ్గది గోడకున్న ఏసీ. మా ఆవిడ స్టూలెక్కి దాని తెల్లటి మూతకు గంధం రాసి కుంకుమ దిద్దుతుంది. రిమోటుకు కూడా ఒక చుక్క. యంత్రానికి ప్రాణప్రతిష్ఠ ఎవరూ చెయ్యరు గానీ బొట్టు మాత్రం అందరం పెడతాం. ఈ ఎండాకాలం మెకానిక్ వచ్చి చూసి, "దీన్ని ఇంగ ఇడ్సిపెట్టుండ్రి సార్" అన్నాడు. మా ఆవిడ వెంటనే అడిగింది: "ఏటా బొట్టు పెట్టినదాన్ని పాతినుప సామానోనికి ఎట్లిస్తం?"

నేను ఫిజిక్సు చెప్పి రిటైరైనవాణ్ని. పుట్టింది గద్వాల, ఉద్యోగం ఎక్కువ కాలం నాగర్‌కర్నూల్లో, ఇల్లు కట్టుకుని స్థిరపడింది వనపర్తిలో. 2016 అక్టోబరు 11న మూడూ మూడు జిల్లాలయ్యాయి గానీ అంతకుముందు అన్నీ పాలమూరే. రోహిణి కార్తె వస్తే మూడు చోట్లా ఒకటే ఎండ, రోళ్లు పగిలే ఎండ. మా ఆవిడ ప్రశ్నకు నా దగ్గర జవాబు ఉండాల్సింది, ఇనుము ఇనుమే కదా అనేసి ఊరుకోవచ్చు. కానీ ఆమె అడిగింది ఇనుము గురించి కాదు. పనికొచ్చినన్నాళ్లు దండం పెట్టి, పనికిరాని రోజున కిలోల లెక్కన తూచి అమ్మేస్తే ఆ దండానికి అర్థమేమిటని.

ముందు రోగం సంగతి చెప్పాలి. అది 2012లో కొన్న ఒకటిన్నర టన్నుల స్ప్లిట్ ఏసీ. బయటి పెట్టె మీది చీటీలో ఆర్-22 గ్యాసు అని రాసుంది. ఇదివరకు కెపాసిటర్ పోయింది, ఫ్యాన్ మోటరు పోయింది, మార్పించాం, నడిచింది. ఈసారి రాత్రంతా తిరిగినా గది చల్లబడదు. మెకానిక్ మూత విప్పి, లోపలి కాయిలుకు సబ్బు నురుగు పూసి, సెల్‌ఫోను లైటు వేసి నన్ను దగ్గరికి పిలిచాడు. నురుగంతా కదలకుండా ఉంది. రాగి గొట్టం మలుపు తిరిగే ఒక్క చోట మాత్రం ఆవగింజంత బుడగ పుట్టింది, ఉబ్బింది, పగిలింది. అక్కడే మళ్లీ ఇంకోటి పుట్టింది. చాలాసేపు చూస్తూ నిలబడ్డాను. నలభై ఏళ్లు పిల్లలకు చెప్పిన పాఠం ఆ మలుపు దగ్గర ఊపిరి తీస్తున్నట్టనిపించింది.

"గ్యాస్ కొడ్తే మూడున్నర వేలు. రెన్నెల్లు ఒస్తది, మల్ల అదే కత. కాయిల్ మారుస్తే పన్నెండు. కొత్తది నలబై లోపు ఒస్తది. పదేండ్లు దాటె గద సార్, ఎంతని ఎల్లదీస్తరు?" అన్నాడతను.

ఈ వయసు లెక్క నాకు మొదట్నుంచీ గిట్టదు. పదేళ్లు దాటితే తీసెయ్యాలన్న సూత్రం మా ఇంట్లో అమలు చేస్తే ఏసీ కంటే ముందు బయటికి పోవాల్సినవి చాలా ఉన్నాయి, నాతో సహా. దుకాణాల్లో ఇంకో సూత్రం చెబుతారు: మరమ్మతు ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటితే కొత్తది కొనుక్కోమని. ఆ లెక్కన నా ఏసీ బతికిపోయింది, పన్నెండు వేలు నలభైలో సగం కాదు. డబ్బు విషయంలో ఈ సూత్రం తప్పేమీ కాదు. కానీ అది నా జేబును తప్ప ఇంకెవర్నీ లెక్కలోకి తీసుకోదు.

మా బావమరిది గద్వాల వైపు ఒక పల్లె గుళ్లో అర్చకుడు. ఆగమం చదువుకున్నవాడు, పైగా హాస్యం తెలిసినవాడు. అతనికి ఫోను చేసి మీ అక్క ఇట్లా అడుగుతోందని చెప్పాను. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. "బావా, గుడికి ఇది కొత్త సమస్య గాదు. జీర్ణోద్ధారణ అంటే ఇదే గద" అని మొదలుపెట్టి అరగంట మాట్లాడాడు.

అతను చెప్పినదాంట్లో నాకు పట్టుకున్న ముక్క ఇది. మూలమూర్తి వేలి కొసో, చేతిలోని ఆయుధపు మొనో విరిగితే అతికించి సంప్రోక్షణ చేసి పూజ కొనసాగించొచ్చు. రాయి నల్లబడిందని, అభిషేకాలకు ముక్కు అరిగిందని ఎవరూ దేవుణ్ని మార్చరు. ప్రధానమైన అంగమే భిన్నమైతే మాత్రం ఆ మూర్తిని అట్లాగే ఉంచి పూజించకూడదు. ఎందుకు? అందంగా లేదని కాదు. అటువంటి బింబం ఆవాహన చేసిన శక్తిని నిలుపుకోలేదని, దాన్ని ఉంచితే కీడు యజమాని ఒక్కడికే కాదు, ఊరికి కూడా అని శాస్త్రం. ఊరు అన్న మాట దగ్గర నేను అతన్ని ఆపి మళ్లీ చెప్పమన్నాను. వయసు, ఖర్చు, అందం ఏదీ కాకుండా ఆగమాలు చూసే లక్షణాలు రెండు: తనలో ఉండాల్సింది తనలో నిలుస్తోందా, నిలవకపోతే ఆ చెడుగు ఎవరికి తగులుతుంది.

తియ్యడానికీ ఒక పద్ధతుంది. ముందు కళాకర్షణ, అంటే మూర్తిలోని శక్తిని కలశంలోకి ఆకర్షించి, తాత్కాలిక గుడి అయిన బాలాలయంలో నిలుపుతారు. యాదగిరిగుట్టలో 2016 నుంచి 2022 మార్చి 28 దాకా భక్తులు దర్శించుకున్నది బాలాలయంలోని స్వామినే. శక్తి అట్లా బాలాలయానికి చేరాకే పాత బింబాన్ని కదిలిస్తారు. చెక్కదైతే అగ్నికి, రాతిదైతే లోతైన నీటికి. ఊరేగింపుగా తీసుకుపోతారు, కుప్పలో పారెయ్యరు. పాతది ఏ కొలతో కొత్తదీ ఆ కొలతకే చెయ్యాలి.

కాలాన్ని బట్టి చేసేవీ లేకపోలేదు. తిరుమలలో మూలమూర్తి పాదాల చుట్టూ వేసే అష్టబంధన లేపనాన్ని పన్నెండేళ్లకోసారి కొత్తగా వేస్తారు. 2018 ఆగస్టులో చేసింది అదే. పూరీలో అధిక ఆషాఢం వచ్చిన ఏడు జగన్నాథుడి దారుమూర్తులనే మారుస్తారు. మొన్నటిది 2015లో, అంతకుముందుది 1996లో. కళ్లకు గంతలు కట్టుకుని, చేతులకు బట్ట చుట్టుకుని, చీకట్లో దైతాపతులనే సేవకులు పాత మూర్తిలోని బ్రహ్మపదార్థాన్ని కొత్త మూర్తిలో ఉంచుతారు. పాత మూర్తులను కోయిలి వైకుంఠమనే చోట పాతిపెట్టి, ఇంట్లో మనిషి పోయినట్టే మైల పడతారు. మార్పును పండుగలా కాక చావులా పాటించే ఆ వివేకం నాకు చాలా పెద్దదనిపిస్తుంది. మన ఎక్స్‌ఛేంజ్ మేళాల్లో మైల లేదు, బెలూన్లు ఉంటాయి.

పూరీ కట్టెను చూసి ఇదే నియమమనుకుంటే మన సోమశిల దగ్గర ఆగాల్సొస్తుంది. నాగర్‌కర్నూల్ జిల్లా కొల్లాపూర్ దాటి సోమశిల రేవులో పడవెక్కితే అవతలి ఒడ్డున సంగమేశ్వరం. అక్కడి శివలింగం వేప కట్టెది. శ్రీశైలం జలాశయం నిండితే గుడి మొత్తం నీళ్ల కిందకి పోతుంది, నెలల తరబడి అట్లాగే ఉంటుంది. వేసవిలో నీళ్లు తగ్గి గర్భగుడి బయటపడితే బురద కడిగి మళ్లీ అభిషేకం. ధర్మరాజు ప్రతిష్ఠించాడంటారు జనం. ఆ కథను ఎవరికి తోచినట్టు వాళ్లు నమ్ముకోవచ్చు, కట్టె మాత్రం కళ్లెదుటే ఉంది. ఏటా మునిగి తేలే కట్టెను మార్చాలని అక్కడ ఎవరికీ తోచలేదు, అది నిలుస్తోంది కాబట్టి. క్యాలెండరు నియమం పూరీకి చెల్లింది, ఇక్కడ చెల్లలేదు. రెంటినీ ఒప్పుకున్న సంప్రదాయం నా మెకానిక్ పదేళ్ల సూత్రాన్ని ఒప్పుకోదని ధైర్యం వచ్చింది.

నేను పెరిగిన గద్వాల ఇల్లు మట్టి మిద్దె. దూలాలు, వాటి మీద వాసాలు, ఆపైన కంప, ఆపైన మూరెడు మన్ను. మృగశిరకు ముందు ఊరి బయటి నుంచి బండ్ల మీద చౌడుమన్ను తెచ్చి పైన పరిచి తొక్కేవాళ్లు. చౌడు పడ్డ మిద్దె కారదు. ఏటేటా పోస్తూ పోతే బరువెక్కుతుంది కాబట్టి కొన్నేళ్లకోసారి పాత మన్ను గీకి దించేవాళ్లు. ఒకసారి నడిమి దూలానికి చెద పట్టింది. కింద రెండు గుంజలు పోటు పెట్టి, దాన్ని లాగి కొత్తది ఎక్కించారు. ఆ రాత్రి మేమంతా అదే గదిలో పడుకున్నాం. మా తాత కట్టించిన మిద్దె అనే చెప్పుకున్నాం చివరిదాకా, పైన తాత నాటి మన్ను పిడికెడు కూడా మిగలకపోయినా. నాగసేనుడు మిళింద మహారాజును రథం ఏదో చూపించమని అడిగిన బౌద్ధ సంవాదం నేను డిగ్రీలో చదివినప్పుడు పెద్దగా ఆశ్చర్యపడలేదు. ఆ మిద్దె కింద పడుకున్నవాడికి అది తెలిసిన సంగతే. ముక్క ముక్కగా మారినా వస్తువు అదే వస్తువుగా ఎట్లా ఉంటుందన్నది తత్వశాస్త్రానికి చిక్కుముడి కావచ్చు. గద్వాలలో అది జ్యేష్ఠమాసపు పని.

అయితే మిద్దెకూ ఏసీకీ ఒక తేడా ఉంది. మిద్దె ఎండను ఆపుతుంది. ఏసీ ఆపదు, మోస్తుంది.

పిల్లలకు మొదటి రోజే చెప్పేవాణ్ని: చలి అనే పదార్థం లేదు, ఏసీ చల్లదనాన్ని తయారు చెయ్యదు. లోపలి వేడిని తోడి బయట పోస్తుంది. అందుకే దాన్ని వేడిని తోడే పంపు అనాలి. చలిదేశాల్లో ఇదే యంత్రాన్ని తిప్పిపెట్టి బయటి వేడిని ఇంట్లోకి తోడుకుంటారు. తోడటానికి పట్టిన కరెంటు కూడా చివరికి వేడే అయి అవతలే పడుతుంది. ఒకటిన్నర టన్నులంటే సుమారు 5.2 కిలోవాట్ల వేడి, నా పాత కంప్రెసర్ తినేది ఇంకో 1.7 దాకా. అంటే నేను దుప్పటి కప్పుకుని పడుకున్నంతసేపూ గోడ అవతల ఏడు కిలోవాట్ల వేడి కుమ్మరిస్తున్నాను. కర్మ ఎక్కడికీ పోదు, అనుభవించాల్సిందేనని పెద్దలు చెప్పే మాటకు నాకు తెలిసిన అన్నింటికంటే నికార్సయిన రుజువు ఈ పెట్టె. కాకపోతే ఇక్కడ చేసేది నేను, అనుభవించేది పక్కింటివాళ్లు. శాస్త్రం ప్రకారం ఇట్లా జరగకూడదు.

పక్కింటి పెద్దమ్మ ఈ మాట నాకు శాస్త్రం లేకుండానే చెప్పింది. మా బయటి పెట్టె సందులోకి, సరిగ్గా ఆమె వంటింటి కిటికీకి ఎదురుగా ఉంది. సాయంత్రం కాగానే ఆమె రెక్కలు మూసేస్తుంది. "మీ డబ్బా షురువైతే మా ఇంట్ల రెండో పొయ్యి ఎలిగిచ్చినట్టే సారూ" అంది, కోపంగా కాదు, వాన వస్తోంది అన్నంత మామూలుగా. వాళ్లది తెల్లకార్డు, 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద 200 యూనిట్లలోపు సున్నా బిల్లు. కిటికీ మూస్తే ఉక్క, ఉక్క పోస్తే కూలరు. 200 దాటిన నెల ఆ సున్నా ఉండదు. నా వేడి గోడ దాటి, కిటికీ దాటి, ఆమె మీటరులోకి అంకెలుగా ఎక్కుతోంది. ఆగమంలో చెప్పిన కీడు ఊరికి తగలడమంటే ఇట్లా ఉంటుందని నేను అనుకోలేదు.

ఇక్కడ ఫిజిక్సు లెక్చరరు నిజాయితీగా ఒకటి ఒప్పుకోవాలి. కొత్త ఐదు నక్షత్రాల ఇన్వర్టర్ ఏసీ పెట్టినంత మాత్రాన పెద్దమ్మకు పెద్దగా ఒరిగేదేం లేదు. అది కరెంటు తక్కువ తింటుంది, నిజమే. కానీ గది వేడి గది వేడే, దాన్ని ఎక్కడో పొయ్యాలి. పూర్తి జోరున నడిచేటప్పుడు అవతల పడే వేడిలో తేడా అర కిలోవాటు కూడా రాదు. కొత్తది కొంటే ఊరికి మేలు అని చెప్పే ప్రకటనలను నమ్మి పుణ్యం కట్టుకున్నామనుకునేవాళ్లకు ఈ లెక్క చూపించాలి. కిటికీ సమస్య యంత్రం వయసుది కాదు, యంత్రాన్ని బిగించిన చోటుది.

మరి గ్యాసు? నా లెక్క మొత్తం తిరగబడింది అక్కడ.

ఆర్-22 ఓజోను పొరను తినే రకం. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం కింద ప్రపంచమంతా వదిలించుకుంటున్నది ఇటువంటి వాయువుల్నే. మన దేశంలో కూడా 2030 నాటికి దాదాపు పూర్తిగా ఆగిపోవాలి. ఓజోను సంగతి అటుంచినా, ఒక కిలో ఆర్-22 గాలిలో కలిస్తే నూరేళ్ల లెక్కలో 1,810 కిలోల బొగ్గుపులుసు వాయువుతో సమానంగా భూమిని వేడెక్కిస్తుంది. నా యంత్రంలో పట్టేది కిలోకు కొంచెం ఎక్కువ. మన దేశపు కరెంటు ఒక యూనిటుకు వదిలే బొగ్గుపులుసు వాయువు సుమారు 0.7 కిలోలు. భాగించి చూస్తే, ఒకసారి నింపిన గ్యాసు కారిపోవడమంటే రెండున్నర వేల యూనిట్లు కాల్చినట్టు. నా ఏసీ ఒక వేసవిలో తాగేది వెయ్యి యూనిట్లు. అంటే మూడున్నర వేలు పెట్టి గ్యాసు కొట్టించి "ఈ ఎండాకాలం గడిపేద్దాం" అనుకున్నవాడు, ఏసీ వెయ్యకుండానే రెండున్నర వేసవుల పాపం మూటగట్టుకుంటాడు. ఆ ఆవగింజంత బుడగ కింద ఇంత ఉంది.

ముసలిదైన యంత్రం వేరు, కారుతున్న యంత్రం వేరు. కెపాసిటర్ పోవడం, ఫ్యాను మోటరు కాలిపోవడం వేలి కొస విరగడం వంటివి. బాగుచేసుకుని వాడుకోవడమే ధర్మం, ఇరవై ఏళ్లయినా సరే. కానీ తనలో నిలవాల్సినదాన్ని నిలుపుకోలేని యంత్రంలో మళ్లీ మళ్లీ గ్యాసు నింపడం భిన్నమైన బింబానికి అభిషేకం చేస్తూ పోవడమే. అయితే కారే కాయిలునే మార్చేస్తే? అది నిజంగా బాగుచెయ్యడమే అవుతుంది, నేను దానికే మొగ్గాను కూడా. మెకానిక్ రెండు రోజులు వెతికాడు. ఆ మోడలు కాయిలు ఇప్పుడు తయారు కావడం లేదు, వేరేది అతికిస్తే గ్యారంటీ ఇవ్వనన్నాడు. గొట్టం మలుపును వెల్డింగు చేసి చూశాడు, పక్క మలుపులో ఇంకో బుడగ లేచింది. తీర్పు వచ్చేసింది. అది వయసు ఇచ్చిన తీర్పు కాదు, నా జేబు ఇచ్చినదీ కాదు.

గీతలో చిరుగుబట్టల పోలిక అందరికీ తెలిసిందే. చావింట్లో ఓదార్పుగా చెప్పే మాట. నా అనుమానం, మన కాలంలో అది కొనుగోళ్లకు కూడా ఓదార్పుగా పనిచేస్తోంది, పాతది విడువు కొత్తది తొడుగు అని. అక్కడ మాట్లాడుతున్నది విసుగొచ్చిన బట్ట గురించి కాదు, జీర్ణమైన బట్ట గురించి. రెంటికీ ఉన్న తేడాను మన మనసు ఎంత తేలిగ్గా చెరిపేస్తుందో నేను నా ఫోను విషయంలో చూసుకుంటూనే ఉన్నాను.

గ్యాసు లెక్కలో కరెంటు మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. కృష్ణా తుంగభద్రలు కలిసే చోట కూడవెల్లి సంగమేశ్వరాలయం ఉండేది. చాళుక్యుల నాటి గుడి. శ్రీశైలం ప్రాజెక్టు ముంపులో పోతుందని రాళ్లు విప్పి, నంబర్లు వేసి, అలంపురానికి తెచ్చి ఎక్కడి రాయి అక్కడ పేర్చారు. ఇప్పుడు వెళ్లి చూస్తే అతుకు కనిపించదు. గుడిని అంత శ్రద్ధగా కదిలించిన అదే ముంపులో ఊళ్లను 1981లో ఖాళీ చేయించారు. ఇంటికొక ఉద్యోగం అంటూ 1986లో ఇచ్చిన జీవో 98 పట్టుకుని తిరిగి తిరిగి, తండ్రుల తర్వాత కొడుకులు కూడా జుట్టు నెరిసినవాళ్లు కొల్లాపూర్, అలంపురం వైపు ఎంతోమంది. ఆ నీటితోనే దోమలపెంట దగ్గర కొండ కడుపులో 900 మెగావాట్ల కేంద్రం నడుస్తుంది. మే నెలలో నదిలో నీళ్లుండవు, అప్పుడు నా ఏసీకి వచ్చేది ఎక్కువగా బొగ్గు కరెంటు. వర్షాకాలంలో వచ్చేదాంట్లో ఆ ఊళ్ల వాటా ఉంటుంది. మన చల్లదనానికి ఎవరో ఒకరి కిటికీ మూతపడి ఉంటుంది, కొన్నిసార్లు ఊరే. దీనికి కొత్త ఏసీ జవాబు కాదని తెలుసు. తెలిసినంత మాత్రాన రోహిణి కార్తెలో నిద్ర పట్టదు.

అలంపురంలోనే జోగులాంబ ఉంది. పాత గుడి పధ్నాలుగో శతాబ్దపు దాడుల్లో పోతే అమ్మవారు బాలబ్రహ్మేశ్వరాలయంలో తలదాచుకుని ఆరు వందల ఏళ్లు ఎదురుచూసింది. కొత్త గుడి 2005లో వచ్చింది. ఉగ్రరూపిణి కాబట్టి గుడి చుట్టూ నీటి గుండం ఏర్పాటు చేశారు, చల్లబడటానికి. దేవతకైనా వేడి నివారణ కావాలనుకున్న ఊహ నాకు ముద్దొస్తుంది. నీరు ఆవిరై వేడిని పైకి తీసుకుపోతుంది. ఆ లెక్క కూడా ఎక్కడో తేలాల్సిందే, ఏ మేఘంలోనో. కానీ పక్కింటి వంటింట్లో కాదు.

ఆ గుండం తలపే నన్ను మా ఇంటి కప్పు మీదికి ఎక్కించింది. మిద్దె మీద చౌడు పరిచిన వంశంలో పుట్టి, స్లాబు వేసుకున్నాక పైన ఏమీ చెయ్యకుండా మధ్యాహ్నమంతా కాలనిచ్చి, రాత్రి ఆ వేడిని యంత్రంతో తోడించి పక్కింటి మీద పోస్తున్నాం. 2023లో మన ప్రభుత్వం కూల్‌రూఫ్ విధానం అని తెచ్చింది, ఇళ్ల పైకప్పులకు తెల్లటి పూత వేయించాలని. కొత్త ఏసీ కొనకముందే స్లాబు మీద తెల్ల పూత రెండు పొరలు వేయించాను. సాయంత్రం సీలింగుకు అరచెయ్యి ఆనిస్తే ఇదివరకులా చురుక్కుమనడం లేదు. దాంతో ఒక శాస్త్రం తప్పాను: కొత్తది పాతదాని కొలతకే ఉండాలన్న నియమాన్ని పక్కనబెట్టి, ఒకటిన్నర టన్నుల బదులు ఒక టన్ను తీసుకున్నాను. దుకాణంలో కుర్రాడు రెండు టన్నులు తీసుకోమని బతిమాలాడు. బావమరిది మాత్రం "తగ్గిస్తే దోషం లేదు పో బావా" అని ప్రాయశ్చిత్తం లేకుండా వదిలేశాడు. బయటి పెట్టెను సందులోంచి తీయించి డాబా మీద, ఎవరి కిటికీ లేని వైపు బిగించాం. రాగి గొట్టం ఎక్కువ పట్టింది, ఖర్చు ఎక్కువైంది. దుకాణం సూత్రంలో ఈ ఖర్చుకు గడి లేదు.

ఇక పాతది. మా ఆవిడ ప్రశ్న అట్లాగే ఉంది. ప్రాణప్రతిష్ఠ లేనిదానికి కళాకర్షణ అక్కర్లేదని, తడిగుడ్డతో బొట్టు తుడిచి దండం పెట్టుకుని పంపొచ్చని ఆమె తమ్ముడు చెప్పాడు. ఆమెకు అది సరిపోయింది. నాకు సరిపోలేదు, ఎందుకంటే ఈ పెట్టెలో ముందు తియ్యాల్సింది నిజంగానే ఒకటుంది. పాతసామాను దుకాణంలో ఏం చేస్తారో చూసినవాణ్ని. గొట్టాన్ని కటింగ్ ప్లేయరుతో కత్తిరిస్తారు, బుస్సుమంటుంది, మిగిలిన గ్యాసంతా ఆకాశానికి. రాగి వేరు, అల్యూమినియం వేరు, ఇనుము వేరు. ఏసీలు కూడా ఇ-వ్యర్థాల నిబంధనల కిందికే వస్తాయి, కాగితం మీద. అందుకని మెకానిక్‌ను అడిగాను, పంప్ డౌన్ చేసి ఇస్తావా అని. బయటి పెట్టె దగ్గర సన్న గొట్టం వాల్వు మూసి కంప్రెసర్ నడిపితే లోపల మిగిలిన గ్యాసంతా బయటి పెట్టెలోకి చేరుతుంది, అప్పుడు రెండో వాల్వు కూడా బిగించాలి. అతను గేజి ముల్లు కిందికి దిగేదాకా మోకాళ్ల మీద కూర్చుని, టక్కున మూశాడు. తర్వాత దుకాణానికి తీసుకుపోయి సిలిండరులోకి ఎక్కించుకున్నాడు. ఊరికే కాదు, ఆర్-22 దొరకడం కష్టమై ధర పెరిగింది, అతనికీ గిట్టుబాటే. కంప్రెసర్ బాగానే ఉంది కాబట్టి దాన్ని నాగర్‌కర్నూల్లో ఇంకెవరి మిషనుకో వేస్తానన్నాడు. ఒక అవయవం ఇంకో ఇంట్లో బతుకుతుందంటే మా ఆవిడ కూడా సంతోషించింది.

వారం తర్వాత మెకానిక్ బిల్లు ఇవ్వడానికి వచ్చినప్పుడు అడిగాను, ఆ గ్యాసు ఏం చేశావని.

"రేపు కొత్తకోట కాడ ఒగలకు నింపాలె సార్. వాళ్లది గుడ కారుతనే ఉంది."

"లీకు బంద్ చేసినాకనే నింపు" అన్నాను.

"లీకు బంద్ చేస్తందుకు పైసలియ్యరు సార్. గ్యాసుకైతే ఇస్తరు."